రాయికి గ్రేడు ఉంది, మనిషికేదీ? చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల యజమానులకు బహిరంగ లేఖ

చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీలు నడుపుతున్న యజమానులకు నమస్కరించి రాస్తున్నది.

మా మేనల్లుడు ఒంగోలులో ఐటీఐ ఫిట్టర్ రెండేళ్లు చదివి పాసయ్యాడు. నేనే తీసుకొచ్చి ఒక ఫ్యాక్టరీలో చేర్పించాను. నాలుగు నెలల పది రోజులు చేశాడు. ఒక రాత్రి అన్నం తింటూ అడిగాడు: "మామా, ఈ నాలుగు నెలల్లో నేను నేర్చుకున్నది ఏందో నువ్వే చెప్పు."

కంచంలో చెయ్యి అట్టాగే పెట్టి ఆలోచించాను. స్లాబులు, అంటే బండ నుంచి కోసిన రాతి పలకలు కడగడం. కట్టర్ కింద పేరుకున్న బురద పారతో ఎత్తిపోయడం. స్టాండ్లు సర్దడం. ఇవి వాడికి మొదటి వారంలోనే వచ్చేశాయి. మిగతా వారాలన్నీ అదే పని. నాకు జవాబు దొరకలేదు. ఆ నెల జీతం తీసుకుని వాడు బెంగళూరు బస్సెక్కాడు. ఇప్పుడు బండి మీద భోజనం పార్సిళ్లు చేరవేస్తున్నాడు. వాళ్లమ్మ నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు, అది వేరే సంగతి.

మీలో చాలామంది నోట నేను విన్న మాట ఒకటుంది. "మన పిల్లకాయలు నిలబడరయ్యా. ఓపిక లేదు. నాలుగు రోజులు చేసి ఫోను పట్టుకుని కూర్చుంటారు. అందుకే ఒడిశా నుంచి, బీహార్ నుంచి మనుషుల్ని తెచ్చుకుంటున్నాం." ఇందులో అబద్ధం లేదు. నేనూ చూస్తున్నాను. కానీ ఇది సగం నిజమే. ఆ మిగతా సగం రాద్దామని కూర్చున్నాను. ఎవరి మీదా కోపంతో కాదు. ఇరవై రెండేళ్లుగా పాలిషింగ్ లైను పక్కనే నిలబడి ఉన్నవాణ్ని, నాకు కనిపించింది రాస్తున్నాను.

నేను 2003లో చేరాను. ఇంటర్ రెండో ఏడు లెక్కల్లో తప్పాను, మళ్లీ కడదామంటే ఇంట్లో డబ్బుల్లేవు. రోజుకు 65 రూపాయలు. హెల్పర్. పని సరిగ్గా మా మేనల్లుడు చేసిందే, బురదా నీళ్లూ. మా షిఫ్టు ఆపరేటరు కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన తమిళాయన. అందరం అన్నా అనేవాళ్లం. సగం తెలుగు, సగం తమిళం, మిగిలింది చేతి సైగలు. మెషిను ప్యానెల్ మీద నన్ను ఎనిమిది నెలలు చెయ్యి వెయ్యనీయలేదు. కానీ మొదటి వారంలోనే ఒక పని అప్పగించాడు.

కట్టింగ్ నుంచి వచ్చిన స్లాబు మీద బకెట్టు నీళ్లు కొట్టించాడు. "ఉండు. ఆరనీ" అన్నాడు. ఇద్దరం చూస్తా నిలబడ్డాం. నల్లగా తడిసిన రాయి మెల్లగా బూడిద రంగుకు తిరుగుతా వచ్చింది. అంతా ఆరింది కానీ ఒక మూల నుంచి మధ్యకు జానెడు పొడుగున ఒక సన్న గీత మాత్రం ఇంకా నల్లగానే ఉంది. వెంట్రుక మందం కూడా లేదు. "అదే పగులు" అన్నాడు. పగుల్లోకి దిగిన నీళ్లు అన్నిటికంటే చివర ఆరతాయి, అంతే. తర్వాత వేలి కణుపుతో స్లాబును కొట్టి చూపించాడు. బాగున్నచోట కంచు మోగినట్టు మోగింది. పగులు దగ్గర చెక్క మీద కొట్టినట్టు డబ్ మంది.

ఆ రోజు నుంచి రోజూ స్లాబు ఆరకముందే పగులు ఎక్కడుందో నన్ను చెప్పమనేవాడు. తప్పు చెప్తే నవ్వేవాడు. మూడో నెలకు నా చెవి నా కళ్లకంటే ముందు చెప్పడం మొదలుపెట్టింది. జీతం పెరగలేదు, హోదా పెరగలేదు, ఇంకా బురదే ఎత్తుతున్నాను. అయినా రాత్రి ఇంటికి పోయేటప్పుడు నిన్న తెలియనిది ఒకటి ఇవాళ తెలిసిందని నాకు తెలుసు. నన్ను అక్కడ ఆపింది అదేనండీ. ఓపిక ఆకాశం నుంచి ఊడిపడలేదు.

మీకు తెలియని సంగతి కాదు గానీ, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం లైను గురించి కాస్త రాస్తాను. గెలాక్సీ అంటే బంగారు చుక్కలుండే మా చీమకుర్తి నల్ల రాయి. కోసి తెచ్చిన గెలాక్సీ స్లాబు చూస్తే సిమెంటు పలకలాగా ఉంటుంది. ఇదేనా పెద్ద పెద్ద హోటళ్లలో నేలకు వేసేది అనిపిస్తుంది. అది బెల్టు మీద కదులుతా వరసగా ఉన్న హెడ్ల కింద నుంచి పోతుంది. ప్రతి హెడ్డుకూ అరగదీసే బిళ్లలుంటాయి. మొదటి హెడ్లలో గరుకు బిళ్లలు, 36 నంబరో 46 నంబరో. అక్కణ్నుంచి నంబరు పెరిగేకొద్దీ నునుపు. 60, 120, 220, 400, 800, అట్టా పైకి. చివర మెరుపు తెచ్చే బిళ్ల. ఒక్కో బిళ్ల చేసేది ఏందంటే ముందు బిళ్ల పెట్టిన గీతలు తీసేసి, వాటికంటే సన్నటి గీతలు తను పెట్టి పోతుంది. మనం మెరుపు అనేది కంటికి ఆననంత సన్నగా అయిపోయిన గీతల్నే.

మధ్యలో నంబరు దూకితే రాయి ఒప్పుకోదు. 60 నుంచి నేరుగా 400కు పోతే 400 బిళ్ల పాత గీతల అంచుల్ని మెరిపిస్తుందే గానీ లోతు అందుకోలేదు. చూడ్డానికి మెరిసినట్టే ఉంటుంది. వాలుగా ఎండలో పెడితే బండారం బయటపడుతుంది. నల్ల రాయి కాబట్టి ఇంకా ఎక్కువ.

ఈ సంగతి నాకు ఎట్టా తెలిసిందో కూడా చెప్పాలి. 2005లో అన్న జ్వరంతో రాలేదు. రాత్రి షిఫ్టు నాకు అప్పగించారు. ప్యానెల్ ముందు ఒక్కణ్నే నిలబడటం అదే మొదటిసారి. టెన్షన్‌తో చివరి హెడ్లనే చూస్తా ఉన్నాను, ఎందుకంటే మెరుపు వచ్చేది అక్కడ కదా. ఐదో హెడ్డులో ఒక బిళ్ల విరిగిపోయిన సంగతి గమనించలేదు. తెల్లారి ఎండ పడ్డాక చూస్తే పదకొండు స్లాబుల మీద గుండ్రంగా సున్నాలు చుట్టినట్టు గీతలు. ఆ ఫ్యాక్టరీ పేరు ఇప్పుడు అనవసరం. నష్టం నా జీతంలో మూడు నెలలపాటు కోశారు. మా నాయనకు చెప్పలేక, డబ్బులు చీటీకి కడుతున్నానని అబద్ధమాడాను.

అన్న తిరిగొచ్చాక తిట్టలేదు. ఆ పదకొండులో ఒక స్లాబును మళ్లీ లైనెక్కించాడు. ఒక్కో హెడ్డు దాటాక ఆపడం, నా అరచెయ్యి రాయి మీద పెట్టించడం, కళ్లు మూసుకోమనడం. ఐదో హెడ్డు దాటాక చేతికి తగిలింది, దువ్వెన పళ్లలాగా. "గీత తెలిసేది కడైసీలో. పడేది ముందరే" అన్నాడు. కడైసీ అంటే తమిళంలో చివర. ఆ మాట మర్చిపోలేదు. ఇప్పటికీ స్లాబులో ఏ లోపం కనిపించినా, కనిపించినచోట వెతకను, వెనక్కి నడుస్తాను.

తర్వాత ఒక నోటు పుస్తకం పెట్టాను. ఏ హెడ్డుకు ఏ రోజు బిళ్ల మార్చాం, దాని మీద ఎన్ని స్లాబులు పోయాయి, ఏ క్వారీ రాయికి బెల్టు ఎంత వేగంలో పెట్టాం. మొదట్లో అందరూ నవ్వారు, వీడు లెక్కల్లో తప్పినోడు లెక్కలు రాస్తున్నాడని. మెషిను పుస్తకం ఇంగ్లీషులో ఉంటే రోజుకో పేజీ, పక్క టీ కొట్టు దగ్గరికొచ్చే ఒక మాస్టారు చేత అర్థం చెప్పించుకున్నాను. 2010లో ఆపరేటర్నయ్యాను. ఇంకో ఐదేళ్లకు మొత్తం షిఫ్టు నా చేతికి వచ్చింది. ఒకసారి భూగర్భశాస్త్రం చదివిన అబ్బాయి ఒకడు వచ్చి, మీరు గ్రానైట్ అంటున్నది అసలు గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం అని చెప్పి పోయాడు. అప్పటికి పన్నెండేళ్లుగా ఆ రాయితోనే బతుకుతున్నాను. దాని అసలు పేరు ఆ రోజు తెలిసింది.

ఇంతవరకూ చదివి "చూశారా, ఓపిక పడితే పైకొస్తారు" అని మీరు మా పిల్లకాయలకు నన్ను చూపిస్తారేమోనని నా భయం. దయచేసి ఆ పని చెయ్యొద్దు. నాతోపాటు అదే వారంలో ఇంకొకడు చేరాడు, మా పక్క ఊరివాడు. నాకంటే బలమున్నోడు, నాకంటే పట్టుదల ఉన్నోడు. ఒక్క రోజు మానేవాడు కాదు. వాడు పడింది రెండో షిఫ్టులో. అక్కడి ఆపరేటరు ప్యానెల్ మీద నంబర్లు మార్చేటప్పుడు ఎవరికీ కనపడకుండా వీపు అడ్డం పెట్టుకునేవాడు. నేర్పితే తన కూడు పోతుందని ఆయన భయం. ఆయన్నీ తప్పు పట్టలేను, రేపు తీసేస్తే దిక్కెవరు? మావాడు తొమ్మిదేళ్లు హెల్పరుగానే చేశాడు. తొమ్మిదో ఏడు జీతం, కొత్తగా చేరినవాడి జీతం ఒకటే. నడుము పట్టేసి మానేశాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

వాడికీ నాకూ తేడా ఏ షిఫ్టులో పడ్డామన్నది ఒక్కటే. ఒక మనిషి బతుకు అంత మాత్రానికే తేలిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మీ యార్డులో రాయిని చూడండి. చుక్క చిన్నదా పెద్దదా, వత్తుగా ఉందా పలచగా ఉందా, తెల్ల గీత పడిందా, మచ్చ ఉందా, పగులుందా, ఇవన్నీ చూసి దేనికది వేరుగా పేర్చి, దేని ధర దానికి కడతారు. రెండు వరసలు కలిస్తే ఊరుకోరు. అదే షెడ్డులో మనుషులకు మాత్రం రెండే వరసలు. హెల్పర్, ఆపరేటర్. మధ్యలో ఏమీ లేదు. పగులు పట్టగలిగిన హెల్పరుకూ పారే పట్టుకోగలిగిన హెల్పరుకూ ఒకటే కూలి. అంటే 36 బిళ్ల తర్వాత నేరుగా మెరుపు బిళ్ల పెట్టినట్టే కదా. రాయి విషయంలో మీరు ఎన్నడూ చెయ్యని పని అది.

మన జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆయన్నే తీసుకోండి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించింది. ఆయన ముందు సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ గ్రేడుతో హైకోర్టులో వాదించడానికి లేదు. రాజమండ్రి కోర్టులో ఏళ్ల తరబడి పనిచేసి, పేరూ డబ్బూ సంపాదించుకున్నాకే ఇంగ్లండు పోయి బారిస్టరై మద్రాసు హైకోర్టుకు ఎక్కాడు. చాలా తెలివైనవాడు, నాబోటివాడితో పోలిక కాదు. నేను చెప్పేది ఏందంటే, ఆ తెల్లదొరల కాలంలోనే ప్లీడరు పనికి మధ్య మెట్లుండేవి. ఏ మెట్టు మీద ఉన్నామో, పై మెట్టుకు ఏం కావాలో పూటకూళ్లమ్మ కొడుక్కి కూడా తెలిసేది. మా షెడ్డులో పిల్లవాడికి ఇవాళ అది తెలియదు.

అందుకని నేను అడిగేది ఇది. హెల్పరుకూ ఆపరేటరుకూ మధ్య మూడో నాలుగో అంచెలు పెట్టండి, వాటిని షెడ్డు గోడ మీద తెలుగులో, హిందీలో, ఒడియాలో పెయింటుతో రాయించండి. పగులు, మచ్చ కనిపెట్టడం వస్తే ఒక అంచె. బిళ్లలు మార్చడం, అరుగుదల చూసి చెప్పడం వస్తే ఇంకొకటి. సన్న పగుళ్లు పూడ్చే రెసిన్ జిగురు పట్టించడం, మెరుపు మీటరు చదవడం, చదరపు అడుగుల లెక్క కట్టడం వస్తే మరొకటి. ఆరు నెలలకోసారి చేయించి చూడండి. వస్తే రోజుకు యాభయ్యో వందో పెంచండి. రాకపోతే మళ్లీ ఆరు నెలలకు. రోజుకు అరగంట, అమ్మకానికి పనికిరాని ముక్క మీద, మెషిను దగ్గర నిలబడనివ్వండి. నేర్పిన ఆపరేటరుకు కూడా నెలకు ఏదో ఒకటి ఇవ్వండి, లేకపోతే ఆయన వీపు అడ్డం పెడతాడు, ముందే చెప్పాను.

నేర్చుకునేవాడి చేతిలో పోయిన స్లాబు డబ్బు వాడి జీతంలో కొయ్యొద్దు. కోస్తే వాడు నేర్చుకునేది ఒక్కటే, తప్పు దాచడం. విరిగిన బిళ్ల సంగతి మీకు చెప్పేవాడు కావాలా, బురదలో పూడ్చేసేవాడు కావాలా?

మీరు ఏమంటారో నాకు తెలుసు. నేర్పిస్తే పక్క ఫ్యాక్టరీవాడు వెయ్యి ఎక్కువిచ్చి లాక్కుపోతాడు. అవును, పోతాడు. నేనూ పోయాను ఒకసారి, 1,500 రూపాయలకు ఆశపడి. ఏడాదిన్నరకు తిరిగొచ్చాను. వచ్చేటప్పుడు అక్కడి రెసిన్ పని నేర్చుకుని వచ్చాను, మా యజమానికి అదే లాభమైంది. రామతీర్థం నుంచి ఒంగోలు దాకా కర్నూలు రోడ్డు పొడుగునా ఉన్నవాళ్లు మీరంతా కూర్చుని ఒకే రకం అంచెలు పెట్టుకుంటే, మీ దగ్గర నుంచి ఒకడు పోయినా పక్కవాడి దగ్గర తయారైనవాడు మీకు వస్తాడు. రాయల్టీ గురించి, కరెంటు చార్జీల గురించి కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు కదా. ఇది కూడా ఆ బల్ల మీద ఒక పూట పెట్టండి. పోతాడన్న భయంతో జీతం ఒక నెల ఆపి పట్టుకోవడం, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం మాత్రం మానండి. అట్టా ఆపిన మనిషి చేతులు ఇక్కడుంటాయి గానీ, బుద్ధి బస్టాండులో ఉంటుంది.

ఖర్చు మాటకొస్తే అంతా మీ జేబులోంచే పెట్టమనడం లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసేచోట, కాంట్రాక్టు మనుషుల్ని కూడా లెక్కేసుకుని, 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని నిబంధన. 2016లో తెచ్చిన కేంద్ర పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలు దాటకుండా, కేంద్రమే భరిస్తుంది. ఇక ఇప్పటికే పదేళ్లుగా పనిచేస్తా కాగితం ముక్క లేనివాళ్లకు ఆర్‌పీఎల్ అని ఇంకో పద్ధతి ఉంది. బడికి పోకపోయినా, పనిలో నేర్చుకున్నది చేయించి చూసి సర్టిఫికెట్ ఇస్తారు. మా షెడ్డులో నాతో సహా ఒక్కరి దగ్గర కూడా ఆ కాగితం లేదు. రేపు నేను వేరే రాష్ట్రం పోతే ఈ ఇరవై రెండేళ్లకు సాక్ష్యం ఆ పాత నోటు పుస్తకమే. దానికి కూడా సగం అట్ట చెదలు తిన్నాయి.

ఇంకొక్క మాట. ఇరవై ఏళ్లు నిలబడమంటే ఊపిరి కూడా నిలబడాలి. లైను మీద నీళ్లుంటాయి కాబట్టి పర్వాలేదు. అంచులు కొట్టేచోట చేతి గ్రైండరుతో నీళ్లు లేకుండా కోస్తుంటే పిల్లలు పిండిమర దగ్గర మనుషుల్లాగా తెల్లగా అయిపోతున్నారు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఆగే దుమ్ము కాదది. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. నీళ్ల పైపు, సరైన మాస్కు ఎంతవుతాయి? ఒక చిన్న స్లాబు ధర కాదు.

మా పిల్లకాయలకు కూడా ఒకటి చెప్పాలి, ఉత్తరం మీకు రాస్తున్నా వాళ్లూ చదువుతారు కాబట్టి. అబ్బయా, ఎవరూ నేర్పడం లేదని పార కింద పడేసి పోయే ముందు, నీళ్లు ఆరేటప్పుడు స్లాబును చూడు. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నాలుగు నెలల్లో ప్యానెల్ ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, నేనైనా ఇవ్వను. కానీ నాలుగు నెలల్లో కొత్తది ఒక్కటీ తెలియకపోతే, పోయి యజమానిని నోరు తెరిచి అడుగు. మా మేనల్లుడు అడగలేదు. నన్ను అడిగాడు, నేనూ పైకి తీసుకుపోయి అడగలేదు. ఆ తప్పు నాది.

సంక్రాంతికి వాడు ఊరికి వస్తున్నాడు. వాడి ముందు పెట్టడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి. అందుకే యజమానులారా, చివరిగా ఒక చిన్న కోరిక. మీలో ఎవరైనా సరే, ఒకరు చాలు, షెడ్డులో ఒక మూల ఇవ్వండి. పనికిరాని స్లాబు ముక్కలు పది, అరిగిన బిళ్లలు కొన్ని, ఒక నీళ్ల పైపు. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగింటి దాకా నేను వచ్చి నేర్పుతాను. మీ ఫ్యాక్టరీ పిల్లలైనా, పక్క ఫ్యాక్టరీ పిల్లలైనా, ఒడిశా వాళ్లయినా, మనవాళ్లయినా. డబ్బులు అక్కర్లేదు. టీ ఇప్పిస్తే చాలు, చక్కెర తక్కువ వెయ్యమనండి, ఈ మధ్యే షుగరు బయటపడింది.

ఇట్లు,
పాలిషింగ్ లైను షిఫ్టు సూపర్‌వైజరు,
చీమకుర్తి మండలం, ప్రకాశం జిల్లా